కూలర్ మార్చినా దిగని ఆయిల్ వేడి: ఒక ఓ-360 కేసు

విమానం ఇంట్లో కట్టుకున్నది. రెండు సీట్లు, అల్యూమినియం బాడీ, ముందు లైకమింగ్ ఓ-360, 180 హార్స్‌పవర్, కార్బురేటర్, ఫిక్స్‌డ్ పిచ్ ప్రొపెల్లర్. నా దగ్గరికి వచ్చేసరికి 60 గంటలు ఎగిరింది. కట్టింది నా మిత్రుడు. నేను ఇంజిన్ల పని చేసేవాణ్ణి కాబట్టి, తనకు తోచినవన్నీ చేసి చూసి విసిగిపోయాక నన్ను పిలిచాడు.

కంప్లెయింట్ ఒక్క ముక్కలో చెప్పాలంటే ఆయిల్ టెంపరేచర్. బయట 90 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్న రోజు (ఇక్కడ నుంచి అన్నీ ఫారన్‌హీటే, ఆ ప్యానెల్ అలాగే ఉంది) 90 నాట్ల మీద ఎక్కుతుంటే 4 వేల అడుగులు దాటేలోపే గేజ్ 236 చూపించేది. రెడ్‌లైన్, అంటే దాటకూడని గీత, 245. అక్కడ ముక్కు దించి, పవర్ తగ్గించి, లెవెల్‌లో పది నిమిషాలు పోతే 222 దగ్గర నిలబడేది, అంతకన్నా కిందికి రాదు. ఈ ఇంజిన్‌కి హాయిగా ఉండే చోటు 180 నుంచి 200. ఆయిల్ ప్రెషర్ గ్రీన్‌లోనే ఉంది కానీ, వేడెక్కిన కొద్దీ 80 నుంచి 64కి జారేది. సిలిండర్ హెడ్లు మాత్రం బుద్ధిగా ఉన్నాయి, క్లైంబ్‌లో అన్నిటికన్నా వేడిగా ఉండే నాలుగోది కూడా 385 దాటలేదు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నేను వెళ్లేసరికే ఆయన చేసిన పనులు ఇవి: బాఫుల్స్‌లో (సిలిండర్ల చుట్టూ గాలిని మళ్లించే రేకులు) కనపడిన ప్రతి కంతనీ ఆర్‌టీవీ సిలికోన్ జిగురుతో నింపాడు. కింది కౌలింగ్ (ఇంజిన్ మీది కవర్) అవుట్‌లెట్ పెదవిని రంపంతో కోసి వెడల్పు చేశాడు. లాభం లేకపోయేసరికి ఆ కోసిన ముక్కని మళ్లీ ఫైబర్‌గ్లాస్‌తో అతికించాడు, ఆ మచ్చ ఇప్పటికీ పెయింట్ కింద తెలుస్తుంది. చివరికి ఉన్న ఆయిల్ కూలర్ (ఆయిల్‌ని గాలితో చల్లబరిచే రేడియేటర్) తీసేసి దానికన్నా పెద్దది బిగించాడు. అంత ఖర్చుకీ, మూడు వీకెండ్ల పనికీ దిగింది 4 డిగ్రీలు.

"అన్నా, దీనికన్నా పెద్దది ఇంకోటి ఉంది, అది పెట్టేద్దామా?" అన్నాడు ఫోన్‌లో. వద్దురా బాబూ అన్నాను. నాకు ఆ 4 డిగ్రీలే అసలు క్లూ అనిపించింది. కూలర్ చాలకపోవడమే జబ్బయితే, పెద్దది పెట్టగానే తేడా బాగా కనపడాలి. కనపడలేదంటే రెండిట్లో ఒకటి: దాంట్లోకి ఆయిలన్నా సరిగ్గా పోవడం లేదు, దాని గుండా గాలన్నా సరిగ్గా పోవడం లేదు. ఇవి కాకపోతే గేజ్ అబద్ధం చెబుతోంది. కాబట్టి ముందు గేజ్ సంగతి తేల్చాలి, అందులో ఖర్చు కూడా లేదు.

ఆయిల్ వేడిని కొలిచే ప్రోబ్ విప్పి, వైరు దాని తోకకి అలాగే ఉంచి, బాడీకి ఒక గ్రౌండ్ వైరు క్లిప్‌తో తగిలించి, మరుగుతున్న నీళ్లలో ముంచాం. పక్కనే నమ్మకమైన థర్మామీటర్ ఒకటి. సముద్రమట్టంలో నీళ్లు 212 దగ్గర మరుగుతాయి, పైకి వెళ్లే కొద్దీ వెయ్యి అడుగులకి దాదాపు 2 డిగ్రీలు తగ్గుతుంది, అది చూసుకోకపోతే ప్రోబ్ మీద లేని తప్పు వేస్తాం. మా లెక్కలో గేజ్ 5 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. అంటే 222 నిజానికి 217, 236 నిజానికి 231. కొంచెం ఊరట, కానీ జబ్బు జబ్బే. ఇక్కడ నుంచి నేను రాసే అంకెలన్నీ ఆ 5 తీసేసినవే.

ఇంకోటి కూడా బయటపడింది. ఇంజిన్ నడుస్తుండగా ల్యాండింగ్ లైట్ వేస్తే ఆయిల్ టెంపరేచర్ అంకె టక్కున 3 డిగ్రీలు కదిలింది, ఆపితే వెనక్కి వచ్చింది. అన్ని లీటర్ల ఆయిల్ ఒక్క సెకన్లో 3 డిగ్రీలు మారడం జరిగే పని కాదు. ఈ ప్రోబ్‌కి వైరు ఒక్కటే, గ్రౌండ్ ఇంజిన్ బాడీ ద్వారా వస్తుంది, ఇంజిన్‌కీ ఫైర్‌వాల్‌కీ (ఇంజిన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్య గోడ) మధ్య ఉన్న గ్రౌండ్ స్ట్రాప్ కింద పెయింట్ గీకకుండానే బోల్టు బిగించాడు మావాడు. గీకి, మెరిసేదాకా రుద్ది, మళ్లీ బిగించాక ఆ గెంతులు పోయాయి. మీ విమానంలో ఈ పరీక్ష చేయడానికి పట్టేది అర నిమిషం, కూలర్ కొనే ముందు దయచేసి చేయండి.

తర్వాత ఇంజిన్ తానే వేడి పుట్టిస్తోందా అన్నది. ఇది తొందరగా తేలిపోయింది. కంప్రెషన్ నాలుగు సిలిండర్లకీ 80కి 76, 78 మధ్య ఉంది, అంటే రింగులు దాటి మంట గ్యాసు కిందికి దిగి ఆయిల్‌ని కాల్చడం లేదు. మాగ్నెటో (స్పార్క్ పుట్టించే పరికరం) టైమింగ్ ఆ ఇంజిన్ డేటా ప్లేట్ మీదున్నట్టు 25 డిగ్రీలే. బ్రేక్-ఇన్ (కొత్త రింగులు కుదురుకోవడం) ఎప్పుడో అయిపోయింది, ఆయిల్ వాడకం స్థిరపడింది. 8 క్వార్ట్‌ల సంప్‌లో (ఆయిల్ తొట్టి) ఆయన 6కి కొంచెం పైన ఉంచుతున్నాడు, అది మంచిదే. ఫిల్టర్ కోసి చూస్తే మెటల్ లేదు. ఇక హెడ్లు చల్లగానే ఉన్నాయని చెప్పాను కదా, పై కౌలింగ్‌లోకి గాలి బాగానే వస్తోందని దాని అర్థం. జబ్బు మొత్తం ఆయిల్ కూలర్ చుట్టూనే తిరుగుతోంది.

ఇప్పుడు ఆయిల్ దారి. ఈ ఇంజిన్లలో వెర్నాథెర్మ్ అనే వాల్వు ఉంటుంది, పేరు వినగానే చాలామంది కార్ థర్మోస్టాట్ లాంటిదే అనుకుంటారు, కానీ పని తీరు తిరగేసి ఉంటుంది. కారు థర్మోస్టాట్ వేడెక్కితే తెరుచుకుంటుంది. ఇది వేడెక్కితే మూసుకుంటుంది. ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు కూలర్ చుట్టూ తిరగకుండా అడ్డదారిన పోవడానికి ఒక రంధ్రం ఉంటుంది. సుమారు 185 దగ్గరికి వచ్చేసరికి వాల్వు లోపలి మైనం ఉబ్బి, కాడ సాగి, శంఖు ఆకారంలో ఉన్న దాని ముఖం ఆ రంధ్రం అంచు మీద కూర్చుంటుంది, అప్పుడు ఆయిలంతా కూలర్ గుండానే పోవాలి. అంచు మీద సరిగ్గా కూర్చోకపోతే? కొంత ఆయిల్ వేడివేడిగా అడ్డదారిన వచ్చేసి, కూలర్ నుంచి వచ్చిన చల్లటి ఆయిల్‌లో కలిసిపోతుంది. మనం గేజ్‌లో చూసేది ఆ కలిసిన ఆయిల్‌నే, ఎందుకంటే ప్రోబ్ ఉండేది ఆ కలయిక తర్వాత, ఇంజిన్‌లోకి పోయే ముందు.

ఇక్కడే కొలవడానికి ఒక సులువు దొరుకుతుంది. వేడిని కొలిచే రెండు థర్మోకపుల్ వైర్లు తీసుకుని ఒకటి కూలర్ ఇన్‌లెట్ ఫిట్టింగ్‌కి, ఇంకోటి అవుట్‌లెట్ ఫిట్టింగ్‌కి ఆనించి కట్టాం, చుట్టూ ఫోమ్ టేపు వేశాం (లేకపోతే కౌలింగ్ గాలి తగిలి తక్కువ చూపిస్తుంది), వైర్లు ఫైర్‌వాల్‌లో ఉన్న గ్రామెట్ గుండా కాక్‌పిట్‌లోకి తెచ్చి చేతి మీటరుకి తగిలించాం. మీటరు ఆయన మోకాలి మీద, పెన్సిల్ చేతిలో. లెవెల్‌లో 120 నాట్ల మీద పది నిమిషాలు స్థిరపడ్డాక రాసుకున్న అంకెలు: కూలర్‌లోకి పోయేది 241, కూలర్ నుంచి వచ్చేది 189, ప్యానెల్ మీద 217.

ఇన్‌లెట్, అవుట్‌లెట్ మధ్య 52 డిగ్రీల తేడా చూసి మావాడు పొంగిపోయాడు, "కూలర్ అదరగొడుతోంది కదా!" అని. అదే మోసం. కూలర్‌లోకి తక్కువ ఆయిల్ పోతుంటే అది లోపల ఎక్కువసేపు నిలబడి బాగా చల్లబడుతుంది, తేడా పెద్దగా కనపడుతుంది, ఇంజిన్‌కి మాత్రం ఒరిగేది లేదు. చూడాల్సింది కూలర్ అవుట్‌లెట్‌కీ ప్యానెల్‌కీ మధ్య తేడా. 189 దగ్గర బయటికొచ్చిన ఆయిల్ ప్రోబ్ దగ్గరికి చేరేసరికి 217 ఎలా అయింది? హోస్‌లో ఎవరూ పొయ్యి పెట్టలేదు. 241 డిగ్రీల ఆయిల్ వచ్చి దాంట్లో కలిసింది. లెక్క వేస్తే 28ని 52తో భాగించాలి, సగానికి పైనే. అంటే ప్రతి రెండు గ్లాసుల ఆయిల్‌లో ఒక గ్లాసు పైచిలుకు కూలర్ మొహమే చూడకుండా తిరిగి వచ్చేస్తోంది. అలాంటప్పుడు ఎంత పెద్ద కూలర్ పెట్టి ఏం లాభం.

వాల్వు విప్పి గిన్నెలో నీళ్లలో వేలాడదీసి వేడి చేశాం. కాడ సాగింది, 185 అటూ ఇటూ బాగానే సాగింది, చాలామంది ఇక్కడే "వాల్వు మంచిదే" అని మళ్లీ బిగించేస్తారు, నేనూ ఒకప్పుడు అలా చేసినవాణ్ణే. సాగడం ఒక సంగతి, కూర్చోవడం ఇంకో సంగతి. శంఖు ముఖాన్ని లైటు కింద తిప్పి చూస్తే అంచు తగిలిన చోట మెరిసే గీత ఉంది కానీ అది పూర్తి వలయం కాదు, గడియారం ముల్లులా చెప్పాలంటే పన్నెండు నుంచి ఎనిమిది దాకా మెరుపు, ఎనిమిది నుంచి పన్నెండు దాకా మసక. సందేహం తీరడానికి హౌసింగ్ లోపలి సీటు (వాల్వు ముఖం కూర్చునే అంచు) మీద ప్రష్యన్ బ్లూ అనే నీలం రంగు పేస్టు పల్చగా పూసి, వేడి చేసిన వాల్వుని బిగించి తీశాం. నీలం రంగు అంటుకున్నది కూడా సరిగ్గా ఆ మెరుపు ఉన్న మేరకే. సీటు అంచులో చిన్న నొక్కు ఉంది, గోరు పెట్టి తిప్పితే తగులుతుంది. పాత హౌసింగ్ అది, ఎవరో ఎప్పుడో ఏదో పనిముట్టు పెట్టి గెలికారు.

సీటుని చాలా తేలిగ్గా సరిచేశాం, గ్రీజు పూసిన కట్టర్‌తో, రజను కిందికి పడకుండా. హౌసింగ్ ఇంజిన్ నుంచి విప్పి బల్ల మీద పెట్టుకునే ఈ పని చేయాలి, ఇంజిన్ మీద ఉంచి చేయొద్దు, ఆ రజను ఇంజిన్ లోపలికి పోతుంది. కొత్త వాల్వు వేసి మళ్లీ నీలం పూసి చూస్తే ఈసారి పూర్తి వలయం వచ్చింది. హోస్‌లు, ఫిట్టింగులు కూడా చూసుకున్నాం, ఎందుకంటే ఈ వాల్వు వెనక స్ప్రింగు ఉంటుంది, కూలర్ దారిలో ఎక్కడైనా ఇరుకైతే ప్రెషర్ తేడాకి వాల్వు తనంతట తానే వెనక్కి జరిగి ఆయిల్‌ని అడ్డదారిన వదిలేస్తుంది, అది దాని డ్యూటీ. మాకు ఆ ఇరుకు లేదు.

అదే దారి, అదే వేగం, బయట 87. కూలర్‌లోకి 233, బయటికి 206, ప్యానెల్ 208. చూశారా, ఇన్‌లెట్-అవుట్‌లెట్ తేడా 52 నుంచి 27కి పడిపోయింది, అయినా ఇంజిన్ చల్లబడింది. క్లైంబ్‌లో 231 ఉన్నది 221కి వచ్చింది. బయట 3 డిగ్రీలు చల్లగా ఉందని కూడా లెక్కలో వేసుకోవాలి, బయట ఒక డిగ్రీ మారితే ఆయిల్ కూడా సుమారుగా ఒక డిగ్రీ మారుతుంది, అందుకే నిజమైన లాభం క్రూజ్‌లో (లెవెల్‌లో పోతున్నప్పుడు) 6, క్లైంబ్‌లో 7 డిగ్రీలు అనుకోండి. మావాడు సంతోషించాడు. నాకు ఇంకా గాలి దారి మీద అనుమానం పోలేదు.

కూలర్ ఫైర్‌వాల్ మీద ఉంది. నాలుగో సిలిండర్ వెనక బాఫుల్‌లో 3 అంగుళాల రంధ్రం, అక్కడ నుంచి అర మీటరు ముడతల డక్ట్, చివర ఒక అల్యూమినియం పెట్టె, దానికి అతుక్కుని కూలర్. పెట్టె లోతు వేలెడంత. డక్ట్ నుంచి వచ్చిన గాలి కూలర్ నడిమధ్యలో తూటాలా తగిలి, మూలలకి పాకడానికి చోటు లేక అక్కడే సుడి తిరుగుతుందని చూడగానే అనిపించింది. కానీ అనిపించడం వేరు, కొలవడం వేరు.

కొలవడానికి వాడింది పాత ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్. అది అసలు వేగాన్ని కొలిచే సాధనమే కాదు, రెండు ట్యూబుల మధ్య ప్రెషర్ తేడాని కొలిచి నాట్లుగా చూపిస్తుంది, అంతే. 100 నాట్లు అంటే 6.5 అంగుళాల ఎత్తు నీటి స్తంభం పెట్టే ప్రెషర్. సగం అంకె చూపిస్తే ప్రెషర్ నాలుగో వంతు, వర్గం లెక్క కాబట్టి. ఒక ప్లాస్టిక్ ట్యూబు చివర మూసేసి పక్కల సన్నటి రంధ్రాలు వేసి (నేరుగా గాలికి ఎదురు పెడితే తప్పు చూపిస్తుంది) ఒకసారి సిలిండర్ల పైన, ఒకసారి కూలర్ ముందు పెట్టెలో పెట్టాం, రెండో ట్యూబు కింది కౌలింగ్‌లో కూలర్ వెనక.

120 నాట్ల మీద సిలిండర్ల పైనా కిందా మధ్య 88 నాట్లు, అంటే సుమారు 5 అంగుళాలు. బ్రహ్మాండం, హెడ్లు ఎందుకు చల్లగా ఉన్నాయో అర్థమైంది. కూలర్ ముందూ వెనకా మధ్య 46 నాట్లు. అంటే 1.4 అంగుళాలు! 5 అంగుళాల గాలి ఒత్తిడిలో మూడున్నర అంగుళాలకు పైగా ఆ డక్టూ ఆ పెట్టే మింగేస్తున్నాయి. పెద్ద కూలర్ పెట్టినా లాభం లేకపోవడానికి రెండో కారణం ఇదిగో ఇక్కడ ఉంది, కూలర్ పెద్దదైంది కానీ దానికి గాలి పోసే గొట్టం అదే.

3 అంగుళాల గొట్టం నోటి వైశాల్యం 7 చదరపు అంగుళాలు, 4 అంగుళాలది 12.5. అంతే గాలి పంపితే వేగం తగ్గుతుంది, నష్టం వేగం వర్గంతో పోతుంది కాబట్టి మూడో వంతుకి దిగుతుంది. బాఫుల్‌లో 4 అంగుళాల రంధ్రం కోసి, దాని నోరు సన్నాయి చివరలా వంపు తిరిగేలా ఫైబర్‌గ్లాస్‌తో ఫ్లాంజ్ పోశాం. కత్తిరించిన రేకు అంచు మీదుగా గాలి తిరగలేదు, చీలిపోతుంది, ఆ ఒక్క వంపే చాలా ఇస్తుంది. డక్ట్‌ని లాగి ముడతలు వీలైనంత సాగదీశాం, పొడవు సగం చేశాం. పెట్టెని కొత్తగా, ముందు కన్నా మూడు రెట్లు లోతుగా, డక్ట్ దగ్గర గుండ్రంగా మొదలై మెల్లగా కూలర్ చతురస్రానికి విచ్చుకునేలా చేశాడు మావాడు. చేతి పని మాత్రం ఆయనది ముచ్చటగా ఉంటుంది. రాత్రి షెడ్‌లో లైట్లు ఆపి పెట్టె లోపల టార్చి పెట్టి చూస్తే కూలర్ చుట్టూ రెండు చోట్ల వెలుగు గీతలు కనపడ్డాయి, అవి ఆర్‌టీవీతో మూసేశాం.

ఈసారి కూలర్ మీద 66 నాట్లు, 2.8 అంగుళాలు, ముందు ఉన్నదానికి రెట్టింపు. బయట 91 ఉన్న రోజు క్రూజ్‌లో కూలర్‌లోకి 220, బయటికి 192, ప్యానెల్ 194. 90 నాట్ల మీద పూర్తి పవర్‌తో ఎక్కితే 206 దగ్గర ఆగింది. ఈ మధ్యలో, పనులు సాగుతున్నప్పుడు, ఆయన్ని 105 నాట్ల మీద ఎక్కమన్నాను, 90 కన్నా గాలి ఒత్తిడి మూడో వంతుకి పైనే ఎక్కువ దొరుకుతుంది. ఎవరికైనా వేడి సమస్య ఉండి ఇంకా తేలకపోతే అంతదాకా అలా నెట్టుకురావచ్చు, కానీ 245 దగ్గరికి వెళ్తుంటే మాత్రం పవర్ తగ్గించి దిగిపోవడమే, కొలతలు తర్వాత తీసుకోవచ్చు.

గాలి ఊరికే రాదు. కూలర్‌కి పోయే గాలి పై కౌలింగ్‌లోదే కాబట్టి పైన 88 నాట్లు ఉన్నది 86 అయింది, రంధ్రం పక్కనే ఉన్న నాలుగో సిలిండర్ క్లైంబ్‌లో 385 నుంచి 394కి పెరిగింది. భరించగలిగేదే.

అసలు తలనొప్పి చలికాలంలో వచ్చింది. బయట 45 ఉన్న పొద్దున క్రూజ్‌లో ఆయిల్ 165 దాటలేదు. వెర్నాథెర్మ్ 185 లోపు అడ్డదారి తెరిచే ఉంచుతుంది కానీ కూలర్ దారిని పూర్తిగా మూయదు, కొంత ఆయిల్ అటు పోతూనే ఉంటుంది, ఇప్పుడు దాని మీద గాలి ఒత్తిడి రెట్టింపు. ఆయిల్ అంత చల్లగా ఉంటే క్రాంక్‌కేసులో చేరిన తేమ ఆవిరై బయటికి పోదు, డిప్‌స్టిక్ మూత లోపల పాలమీగడ రంగు నురగ కనపడింది. 4 అంగుళాల డక్ట్ మొదట్లో ఒక బటర్‌ఫ్లై వాల్వు పెట్టి ప్యానెల్ దాకా కేబుల్ లాగాం, కేబుల్ తెగితే తెరుచుకునే ఉండేలా స్ప్రింగు పెట్టాం, తిరగబడి పెట్టినవాళ్లు కూడా ఉన్నారు, అలా పెట్టొద్దు. మూడొంతులు మూస్తే అలాంటి పొద్దునే 184 దగ్గర నిలబడుతోంది, నాలుగో సిలిండర్ కూడా మళ్లీ 385కి దిగింది. ఎండాకాలంలో ఆ 394ని తగ్గించాలంటే ఆ సిలిండర్ వెనక బాఫుల్ మడతని కాస్త వెనక్కి జరపాలి, అది యాన్యువల్‌కి (ఏటా చేసే తనిఖీ) విప్పినప్పుడు చూద్దామని నోటు రాసి కౌలింగ్ లోపల అంటించాం.